అవతలి జట్టు ఇల్లు

పిల్లల కథలో రెండు జట్ల మధ్య పోటీ పెట్టడం పైకి చాలా తేలికైన పని. ఇటు నలుగురు, అటు నలుగురు, మధ్యలో ఒక మైదానం. తీరా రాయడానికి కూర్చుంటే ఇంతకన్నా మొండి పని ఇంకొకటి ఉండదు. ఎవరు గెలుస్తారో చదివే పిల్లకి మొదటి పేరాలోనే తెలిసిపోతుంది. ఆ తర్వాత ఎన్ని దెబ్బలు కొట్టించినా, ఎన్ని గంతులు వేయించినా కథ ముందుకు కదలదు. పిల్లల కోసం కథలు రాసేదాన్ని కాబట్టి ఈ చిక్కు నాకు నిత్యం ఎదురయ్యేదే. దీన్ని ఎవరైనా ఒడుపుగా విప్పారంటే, ఎలా విప్పారో చూసేదాకా నాకు మనసు నిలవదు. అలా నేను మళ్లీ మళ్లీ చూసే సీరియల్ ఒకటుంది, 'ఎక్స్-మెన్: ఎవల్యూషన్'.

అమెరికాలో కిడ్స్ డబ్ల్యూబీలో 2000 నవంబరులో మొదలై 2003 అక్టోబరులో ముగిసిన యానిమేషన్ సీరియల్ ఇది. నాలుగు సీజన్లు, 52 ఎపిసోడ్లు. 1963లో స్టాన్ లీ, జాక్ కర్బీ సృష్టించిన కామిక్స్ దీనికి మూలం. పుట్టుకతోనే వింత శక్తులు అబ్బిన మ్యూటెంట్ల కథ. 1992 నాటి ఎక్స్-మెన్ సీరియల్లో వాళ్లు చాలామటుకు పెద్దవాళ్లు. ఎవల్యూషన్ వాళ్లలో ఎక్కువమందిని టీనేజర్లను చేసి హైస్కూల్లో చేర్పించింది. ప్రొఫెసర్ జేవియర్ భవంతిలో పెరిగే ఎక్స్-మెన్ ఒక జట్టు. మిస్టిక్ చేరదీసిన బ్రదర్‌హుడ్ ఇంకో జట్టు. చదివేది మాత్రం రెండు జట్ల పిల్లలూ ఒకే బడిలో, బేవిల్ హైలో. ఆ బడి ప్రిన్సిపాల్‌గా వేషం మార్చుకుని కూర్చున్నది ఆ మిస్టికే.

మొదటి సీజన్ చివర రెండు భాగాలుగా వచ్చిన 'ద కాల్డ్రన్'లో మాగ్నెటో అనే మ్యూటెంట్ ఈ రెండు జట్లనూ ఒకదాని మీదికి ఒకటి ఉసిగొల్పుతాడు. ఒక్కొక్కరూ ఎదుటి జట్టులో ఒక్కొక్కరితో తలపడాలి. గెలిచినవాళ్లకి అంతరిక్షంలో అతను కట్టుకున్న ఆస్టరాయిడ్ ఎం మీద చోటు దొరుకుతుంది. ఇలా చెబితే కుస్తీ పోటీల జాబితాలా ఉంటుంది. చూస్తుంటే అలా అనిపించదు. ఒక్కో జంట ఎదురుపడగానే, వీళ్లిద్దరూ ఇలా నిలబడాల్సి వచ్చిందే అని గుండె కలుక్కుమంటుంది. అలా అనిపించేలా చేసే పని ఈ ఎపిసోడ్‌లో జరిగింది కాదు. అంతకు ఎంతో ముందే, మొట్టమొదటి ఎపిసోడ్ 'స్ట్రాటజీ ఎక్స్'లోనే మొదలైంది.

రాత్రి ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతుంటుంది. గ్యాలరీ కింద నక్కి టాడ్ అనే కుర్రాడు, మారుపేరు టోడ్, జనం పర్సులు కొట్టేస్తుంటాడు. బడిలో మొనగాళ్లయిన ఆటగాళ్లు వాణ్ని పట్టుకుని చితకబాదబోతే అడ్డుపడేవాడు స్కాట్, ఎక్స్-మెన్ జట్టు నాయకుడు. ఆ తోపులాటలో స్కాట్ కళ్లజోడు ఊడిపోతుంది. కళ్లలోంచి ఎర్రటి కిరణం దూసుకొచ్చి పేలుడు జరుగుతుంది. ఇక్కడ రచయితలు ఎంచుకున్నది గమనించండి. మొత్తం సీరియల్లో కథానాయకుడు చేసే మొదటి మంచిపని, రేపు తన జట్టు మీదికి దూకబోయే టోడ్‌ని కాపాడటం.

అదే ఎపిసోడ్‌లో టోడ్ జేవియర్ భవంతికి వస్తాడు. జేవియర్ జట్టులోని స్టార్మ్ ఉరుములు, మెరుపులు రప్పించి పరీక్ష పెడుతుంది. అప్పుడే జర్మనీ నుంచి వచ్చిన కర్ట్‌తో కొట్లాట మొదలవుతుంది. కొట్టుకుంటూ ఇద్దరూ శిక్షణ గది అయిన డేంజర్ రూమ్‌లో పడతారు. అక్కడి యంత్రాలు మీదికొస్తాయి. ఇద్దరూ ప్రాణాలతో బయటపడతారు గానీ టోడ్ ఇక ఒక్క క్షణం కూడా ఆగడు, వెళ్లిపోతాడు. గుమ్మందాకా వచ్చినవాడే. కర్ట్ ఆ ఇంట్లో ఉండిపోయాడు, వీడు ఉండలేకపోయాడు. ఆ తర్వాత వీళ్లిద్దరూ ఎప్పుడు ఎదురుపడినా, ఎంత నవ్వు పుట్టించేలా గెంతులేసినా, ఆ గుమ్మం నాకు గుర్తుకొస్తూనే ఉంటుంది. అవతలివాడు ఇవతల చేరి ఉండేవాడేమో అన్న ఈ ఊహకు కామిక్స్‌లోనే బీజం ఉంది. 1964 నాటి మూడో సంచికలో బ్లాబ్ అనే మ్యూటెంట్‌ని జేవియర్ స్వయంగా తమతో చేరమని పిలుస్తాడు. వాడు కాదంటాడు.

ఆ బీజాన్ని ఎవల్యూషన్ ఒక పద్ధతిగా మార్చుకుంది. 'ద ఎక్స్-ఇంపల్స్' ఎపిసోడ్‌లో ఒకే స్కూలు పిల్లలు కిటీ, లాన్స్. ఆ అమ్మాయి గోడల్లోంచి దూరి వెళ్లగలదు, ఆ అబ్బాయి నేలను కంపింపజేయగలడు. తనలాంటిది ఇంకొకతె ఉందని తెలిశాక లాన్స్ మొహం వెలిగిపోతుంది. అయితే ఆ తోడును దేనికి వాడుకోవాలో వాడికి తెలియదు, పరీక్ష జవాబులు దొంగిలిద్దాం రమ్మంటాడు. కిటీ ఇంటికి జేవియర్, ఎక్స్-మెన్ జట్టులోని జీన్ వచ్చి తలుపు తట్టారు. లాన్స్ కోసం ఎవరూ రాలేదు. చివరికి వాడి దగ్గరికి వచ్చింది మిస్టిక్. 'స్పీడ్ అండ్ స్పైక్'లో ఇవాన్, పియెట్రో పాత ప్రత్యర్థులు. ఇవాన్ స్టార్మ్‌కి అక్క కొడుకు, పిలిచి అక్కున చేర్చుకునే పిన్ని ఉంది. పియెట్రోకి అలా ఎవరూ కనిపించరు. రోగ్ అనే అమ్మాయి సంగతి మరీ చిత్రం. ఎక్స్-మెన్ తనని వేటాడుతున్నారని మిస్టిక్ ఆడిన నాటకం నమ్మి, ముందు బ్రదర్‌హుడ్‌లో చేరింది. నిజం తెలిశాక ఇటు వచ్చేసింది.

మహాభారతంలో కుమారాస్త్ర విద్యా ప్రదర్శన ఎరిగిన మనకి ఈ కిటుకు కొత్త కాదు. అర్జునుడికి సరిజోడు కర్ణుడు. కులం అడిగిన సభలో అతని భుజం మీద చెయ్యి వేసినవాడు దుర్యోధనుడు. ఆ చెయ్యి ముందుగా ఇంకొకరిది అయివుంటే అన్న ఆలోచన రానివాళ్లు మన ఊళ్లలో ఉండరు. అందుకే ఆ ఇద్దరి యుద్ధం ఎన్నిసార్లు విన్నా చప్పబడదు.

'ద కాల్డ్రన్' వేసే ఇంకో అడుగు నాకు అన్నిటికన్నా ఇష్టం. విమాన ప్రమాదంలో పోయాడనుకున్న తమ్ముడు అలెక్స్ హవాయిలో బతికే ఉన్నాడని స్కాట్‌కి తెలుస్తుంది. అన్నదమ్ములిద్దరినీ మాగ్నెటో రమ్మంటాడు. జేవియర్‌కి కుడిభుజంలాంటి స్కాట్ తమ్ముణ్ని వదులుకోలేక ఆస్టరాయిడ్ ఎం దారి పడతాడు. టోడ్ నిలబడ్డట్టే ఇప్పుడు స్కాట్ కూడా ఇంకొకరి గుమ్మం ముందు నిలబడ్డాడన్నమాట. దానికి ముందే వచ్చిన 'షాడోడ్ పాస్ట్'లో కర్ట్‌ని కన్నతల్లి మిస్టికే అని తేలింది. పోటీ ముదిరేసరికి రెండు జట్ల మధ్య గీత ఎక్కడ గీయాలో చూసేవాళ్లకి తోచదు. కథలో ఉత్కంఠ అంటే నాకు తెలిసి ఇదే. ఎవరి కిరణం ఎంత దూరం వెళ్లిందన్నది నాకు పట్టదు.

అదే సీజన్‌లోని 'సర్వైవల్ ఆఫ్ ద ఫిట్టెస్ట్' దీనితో పోలిస్తే పలచనే. కొండల్లో శిక్షణ శిబిరం, రెండు జట్ల మధ్య పందెం, మరోపక్క జగర్నాట్ అనే బలశాలిని చెర విడిపించే మిస్టిక్. జోరుగా సాగుతుంది, కాలక్షేపానికి లోటు లేదు. కానీ ఆ పందెంలో ఎవరు గెలిచినా ఎవరి బతుకూ మారదు.

ఈ సీరియల్లో నాకు నచ్చని సంగతీ ఉంది. ఫ్రెడ్, అంటే బ్లాబ్, లావుగా ఉంటాడని వాడి ఒళ్లు చూపించి పదే పదే నవ్వించాలని చూస్తారు. 'మ్యూటెంట్ క్రష్'లో జీన్ కాస్త ఆదరంగా మాట్లాడేసరికి వాడు ఆమె మీద మనసు పడి, చివరికి ఎత్తుకుపోతాడు. చేసింది ఘోరమే. అయినా బడంతా ఎగతాళి చేసే పిల్లవాడికి ఒక్క మంచిమాట ఎంత పెద్దదిగా వినిపిస్తుందో చూపించే వీలు ఆ కథలో ఉంది. రచయితలు దాన్ని సగంలో వదిలేసి దెబ్బలాటకు పరుగెత్తారు. టోడ్‌కి దక్కిన ఓపిక ఫ్రెడ్‌కి దక్కలేదు.

పిల్లలకు కథలు రాయడం నేర్పే తరగతుల్లో నేనొక పని చెబుతుంటాను. పోటీ రాసే ముందు అవతలి జట్టు ఇంట్లో ఒక పూట రాయండి, అక్కడ అన్నం ఎవరు వండుతారు, ఎవరికి చాలదు అని. ఇది నాకు బ్రదర్‌హుడ్ ఉండే ఇంటిని చూశాకే తట్టింది. పాడుబడ్డ బోర్డింగ్ హౌస్ అది. మిస్టిక్ వాళ్లని వదిలేసి పోయాక ఆ ఇంట్లో పెద్దదిక్కు అంటూ ఉండదు, చేతిలో డబ్బు ఆడదు. నాలుగో సీజన్‌లోని 'నో గుడ్ డీడ్'లో వీళ్లు అనుకోకుండా జనాన్ని కాపాడతారు. ఊరంతా మెచ్చుకుంటుంది. ఆ మెప్పు రుచి మరిగి, తర్వాత తామే ప్రమాదాలు తెచ్చిపెట్టి తామే కాపాడటం మొదలుపెడతారు. ఆ ఇల్లు చూడనివాళ్లకి ఇదొక హాస్య ఎపిసోడ్. చూసినవాళ్లకి, ఆ చప్పట్ల కోసం వాళ్లు ఎందుకంత ఎగబడుతున్నారో విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంట్లో పిల్లలతో కలిసి చూడాలనుకుంటే నేరుగా 'ద కాల్డ్రన్' పెట్టకండి. ముందు 'స్ట్రాటజీ ఎక్స్', 'ద ఎక్స్-ఇంపల్స్', 'స్పీడ్ అండ్ స్పైక్' చూపించండి. తర్వాత 'ద కాల్డ్రన్'కి వచ్చి, ఒక్కో జంట ఎదురెదురుగా నిలబడ్డప్పుడు కాసేపు ఆపి, ఎవరు గెలవాలని ఉందో వాళ్లనే అడగండి.