పోస్ట్-రాక్‌లో ఎవరి చెవి వారిది

పోస్ట్-రాక్ అభిమానులు ఇద్దరు కలిస్తే మాట త్వరగానే వాదనలోకి దిగుతుంది. కెనడా బృందం గాడ్‌స్పీడ్ యూ! బ్లాక్ ఎంపరర్ పాట ఇరవై నిమిషాలు మెల్లగా పెరిగి పెరిగి చివర్లో విరుచుకుపడితే ఒకరికి ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఇంకొకరికి ఆ విరుచుకుపడటమే విసుగు. ఇంగ్లండ్ బృందం టాక్ టాక్ చేసిన ‘లాఫింగ్ స్టాక్’ ఆల్బమ్ ఒక్కటి చాలంటారు వాళ్లు. ఒకే పేరు కింద చేరిన సంగీతం గురించి ఇంత తేడా ఎందుకో తెలియాలంటే ఈ ఆల్బమ్‌లు తయారైన తీరు చూడాలి.

ఆ పేరును 1994లో ప్రచారంలోకి తెచ్చింది సైమన్ రేనాల్డ్స్ అనే ఇంగ్లిష్ విమర్శకుడు. గిటార్, బాస్, డ్రమ్స్ అన్నీ రాక్ వాద్యాలే, కానీ వాటితో కట్టేది రాక్ పాట కాదు. పల్లవి, చరణం అనే లెక్క ఉండదు. గాయకుడు ఉన్నా ముందుకు రాడు. గిటార్ వరస పలికించడం కన్నా ఎక్కువగా ఒక వాతావరణాన్ని పరుస్తుంది.

టాక్ టాక్ 1984 నాటికి ‘ఇట్స్ మై లైఫ్’ లాంటి డాన్స్ పాటలతో పేరు తెచ్చుకున్న బృందం. 1988లో వచ్చిన ‘స్పిరిట్ ఆఫ్ ఈడెన్’ కోసం వాళ్లు లండన్‌లోని వెసెక్స్ స్టూడియోలో దీపాలు దాదాపు ఆర్పేసి, పిలిపించిన వాద్యకారులను తోచింది వాయించమన్నారు. అలా రికార్డు చేసినదాంట్లో చాలా భాగం తీసేసి, మిగిలిన ముక్కలను గాయకుడు మార్క్ హాలిస్, నిర్మాత టిమ్ ఫ్రీజ్-గ్రీన్ పాటలుగా కూర్చారు. మొదటి పాటలో దూరంగా ఒక ట్రంపెట్ పలుకుతుంది, ఆగుతుంది. చాలాసేపటికి గానీ డ్రమ్స్ రావు. ఆ తర్వాత మౌత్ ఆర్గాన్ ఆంప్లిఫయర్‌లోంచి చెవిని గీరుతూ వస్తుంది. 1991 నాటి ‘లాఫింగ్ స్టాక్’లో ఇంకా తెగించారు. అందులో ఒక పాటలో సోలో అంతా నిమిషానికి పైగా సాగే ఒకే ఒక్క స్వరం. ఆ స్వరం బొంగురుపోతూ, చీలుతూ ఉంటే కింద డ్రమ్స్ తడబడకుండా నడుస్తాయి. ఇక్కడ వినాల్సింది ముందు ఏం రాబోతోందని కాదు, ఇప్పుడు ఏం మోగుతోందని.

అదే 1991లో అమెరికాలోని లూయీవిల్ కుర్రాళ్లు, స్లింట్, ‘స్పైడర్‌ల్యాండ్’ ఇచ్చారు. పొడిగా మోగే గిటార్లు, లెక్క పట్టుకోనివ్వని తాళాలు, గొణుగుతున్నట్టు చెప్పే కథలు. ఆల్బమ్ బయటికి వచ్చేసరికే బృందం విడిపోయింది. షికాగో బృందం టార్టాయిస్ మరోదారి పట్టింది. వాళ్ల ‘మిలియన్స్ నౌ లివింగ్ విల్ నెవర్ డై’ (1996)లో మొదటి పాట ఇరవై నిమిషాలు దాటుతుంది. నడుమ ఒకచోట టేపు పాడైపోయిందేమో అన్నంతగా శబ్దం ముక్కలవుతుంది. అది కావాలని ఎడిటింగ్‌లో చేసిన పని.

ఇక ఎక్కువమందిని ఈ సంగీతంలోకి తెచ్చిన క్రెసెండో, అంటే మెల్లగా పెరిగి పెరిగి విరుచుకుపడే పద్ధతి సంగతి. గిటార్ మీద ఒకే తీగను పైకీ కిందికీ అతివేగంగా మీటితే దెబ్బలు విడివిడిగా వినపడవు, స్వరం వణుకుతూ నిలబడుతుంది. డిలే పెడల్ ప్రతి స్వరాన్నీ కాస్త ఆగి మళ్లీ పలికిస్తుంది, వాయించేవాడు తన ప్రతిధ్వని మీదే తాను వాయిస్తాడు. స్వరాల వరస మారదు, దాని కింద బాస్ మారుతుంది, దాంతో అదే వరసకు అర్థం మారుతుంది. డ్రమ్మర్ సింబల్స్ మీద మెత్తని కర్రలతో మొదలుపెట్టి, టామ్‌ల మీదికి వచ్చి, చివరికి స్నేర్ అందుకుంటాడు. మన ఆలాపనకు అలవాటుపడ్డ చెవికి మాటల్లేని ఇరవై నిమిషాలు కొత్త కాదు. కాకపోతే ఆలాపనలో రాగమే కొత్త సంచారాలతో విప్పారుతుంది. ఇక్కడ ఉన్నది ఉన్నట్టే ఉండి, చుట్టుపక్కలంతా మారిపోతుంది.

గాడ్‌స్పీడ్ 2000లో తెచ్చిన రెండు డిస్కుల ఆల్బమ్‌లో ఉన్నవి నాలుగే పాటలు. మూడు గిటార్లు, ఇద్దరు బాసిస్టులు, ఇద్దరు డ్రమ్మర్లు, వయొలిన్, చెల్లో. నడుమ కోనీ ఐలండ్ తీరంలో తన పాతరోజులు తలుచుకునే ఒక ముసలాయన గొంతు వినిపిస్తుంది. ఆయన మాటలు విన్నాక లేచే హోరులో పోగొట్టుకున్నదాని బాధ ఉంది. టెక్సస్ బృందం ఎక్స్‌ప్లోజన్స్ ఇన్ ద స్కై 2003లో ఈ పద్ధతిని మరింత తేటపరిచింది. 2004లో ‘ఫ్రైడే నైట్ లైట్స్’ సినిమాకు వాళ్లే సంగీతం ఇచ్చారు. ఆ తర్వాత అనుకరణలు పెరిగాయి. పెడల్ తొక్కితే ఎత్తు దానంతటదే వస్తుందనుకున్న బృందాలు చాలానే ఉన్నాయి. పాతతరం అభిమానుల చిరాకు వీటి మీదే, అందులో న్యాయముంది. అయితే ఆ చిరాకుతో గాడ్‌స్పీడ్‌నూ కొట్టిపారేయడం అన్యాయం. శిఖరం తీసేసి విన్నా మొదటి పది నిమిషాలు నిలబడతాయా అన్నదే నా కొలత. వాళ్లవి నిలబడతాయి.

ఐస్‌లాండ్ బృందం సిగుర్ రోస్ 2002 ఆల్బమ్‌కు పేరే పెట్టలేదు, అట్ట మీద రెండు బ్రాకెట్లు మాత్రమే. ఎనిమిది పాటలకూ పేర్లు లేవు. గాయకుడు యోన్సి చెల్లో కమానుతో గిటార్ వాయిస్తూ, ఏ భాషకూ చెందని అక్షరాలు పాడతాడు. లోపలి పుస్తకంలో కాగితాలు ఖాళీగా వదిలారు, విన్నవాళ్లు తమకు తోచింది రాసుకోవచ్చు. మొదటి నాలుగు పాటలు తేలిక, తర్వాతి నాలుగు బరువు, నడుమ కొన్ని క్షణాల నిశ్శబ్దం. అభిమానులు ఇక్కడ కూడా సగం సగం అవుతారు. నాది రెండో సగం. దాదాపు పన్నెండు నిమిషాల ఎనిమిదో పాటలో డ్రమ్మర్ ఎంతోసేపు తనను తాను బిగబట్టుకుంటాడు, గొంతు అవే అక్షరాలను తిప్పితిప్పి పాడుతూ ఉంటుంది. డ్రమ్స్ చివరికి తెగబడేసరికి ఆ అక్షరాలు మనకు కంఠతా వచ్చేసి ఉంటాయి. క్రెసెండో అంటే పడనివాళ్లకు నేను మొదట వినిపించేది ఈ పాటనే.