వీధి వార్తకు జీతమెవరిస్తారు?

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు ఖరగ్‌పూర్ పేరు తెలుగు పత్రికల్లోకి, టీవీల్లోకి ఎక్కింది. అక్కడి మా సుభాష్‌పల్లిలో ఆ కబురు ఫోన్ల మీద ఇల్లిల్లూ తిరిగింది. మంచి వార్తే. కానీ అసలు వార్త ఆ తర్వాత మొదలవ్వాలి. మునిసిపాలిటీలో తెలుగులో అర్జీ పెడితే తీసుకుంటారా? తీసుకుంటే దాన్ని చదివేవాళ్లు ఆ ఆఫీసులో ఉన్నారా? బడిలో తెలుగు టీచరు రిటైరైతే ఆ పోస్టులోకి ఎవరినైనా వేస్తారా? ఇవి ఒక్కపూట తిరిగితే తేలే సంగతులు కావు. నెలనెలా వెళ్లి అదే బల్ల ముందు నిలబడి అడగాలి. అలా అడగడం ఎవరో ఒకరి ఉద్యోగం కావాలి. ఉద్యోగమన్నాక జీతం కావాలి. ఈ వారం ఆ జీతం గురించే రాస్తున్నాను.

సుభాష్‌పల్లి, నింపురా, మథురాకాటి, మలంచ, ఎటు తిరిగినా తెలుగు వినబడే ఊరు మాది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాపు పెట్టినప్పుడు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికి వచ్చినవాళ్ల పిల్లలం, మనవలం. 1927లో ఆ వర్క్‌షాపు కార్మికులు సమ్మె చేసినప్పుడు యూనియన్ నాయకుల్లో వి.వి. గిరి ఉన్నారు, ఆయనే తర్వాత రాష్ట్రపతి అయ్యారు. అంత చరిత్ర ఉన్న కార్మికుల ఊళ్లో కిందటివారం ఏ వీధిలో ఏం జరిగిందో తెలుగులో తెలుసుకోవాలంటే టీకొట్టు దగ్గర నిలబడాల్సిందే.

కారణం లెక్కల్లో ఉంది. గోల్‌బజార్‌లో బట్టల కొట్టాయన ప్రకటన ఇస్తే బెంగాలీలోనో హిందీలోనో ఇస్తాడు. తెలుగు ఖాతాదారు ఎలాగూ ఆ రెండు భాషల్లో బేరమాడగలడు, ఇక తెలుగు ప్రకటనకు వేరే డబ్బు ఎందుకు పెడతాడు? అటు తెలుగు పత్రికల శ్రీకాకుళం ఎడిషన్‌కు మేం రాష్ట్రం బయటివాళ్లం. నేను ఏళ్ల తరబడి ఇక్కడి సంగతులు రాసి అటు పంపుతూ వచ్చాను. ఉగాది వేడుక పంపితే వేసుకునేవారు. క్వార్టర్ల వెనక డ్రైను పొంగి ఇళ్లలోకి వస్తోందని పంపితే ఆగిపోయేది. డెస్కులో ఉన్నవాళ్లను తప్పు పట్టను. పలాసలో పత్రిక కొన్న పాఠకుడు నింపురా డ్రైను గురించి ఎందుకు చదవాలి? ఆ వార్తకు ఊరు ఉంది, మనుషులున్నారు, పాఠకులూ ఉన్నారు. దాన్ని మోసే పత్రిక లేదు, అంతే.

తెలుగు గడ్డకు దూరంగా పత్రిక పుట్టడం మనకు కొత్త కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా మొదలుపెట్టింది బొంబాయిలో. 1914లో మద్రాసు వచ్చాక అది దినపత్రిక అయింది. వెనక ఉన్నది 1893లో ఆయన బొంబాయిలో స్థాపించిన అమృతాంజనం వ్యాపారం. తలనొప్పి మందు మీద వచ్చిన డబ్బు పత్రికకు దన్నుగా నిలిచింది. పంతులుగారి ఔదార్యానికి నేను దండం పెడతాను. కానీ అది ఒక మనిషి గుణం మీద నిలిచిన పద్ధతి. ప్రతి ఊరికీ ఒక నాగేశ్వరరావు పంతులు దొరకడు.

రెండో పద్ధతి నేను కళ్లారా చూసింది. 1989లో ఈనాడు జిల్లా ఎడిషన్లు మొదలుపెట్టాక మండల కేంద్రంలోని చెప్పుల షాపు, ట్యుటోరియల్ కాలేజీ కూడా ప్రకటన ఇవ్వగలిగే రేటు వచ్చింది. ఆ రేటుతోపాటు వాళ్ల ఊరి వార్తా వచ్చింది. మిగతా పత్రికలు అదే దారి పట్టాయి. అప్పటిదాకా హత్యో వరదో వస్తే తప్ప అచ్చులో కనబడని పల్లెల పేర్లు రోజూ కనబడడం మొదలైంది. ఇది చిన్న మార్పు కాదు. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను.

అయితే ఆ వార్త తెచ్చే మనిషి ఎలా బతికాడు? అతను కంట్రిబ్యూటర్. లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన లైన్లకు ఇంత అని, వచ్చే కాస్త డబ్బు పెట్రోలుకే చాలదు. అసలు ఆదాయం ప్రకటనల కమీషన్. పొద్దున ఎవరి మీద వార్త రాశాడో సాయంత్రం వాళ్ల దగ్గరికే పండగ శుభాకాంక్షల యాడ్ కోసం వెళ్లాలి. ఏ ఒక్క పత్రిక అనో ఏ ఒక్క విలేకరి అనో కాదు, ఏర్పాటే అది. 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని వార్తలు వేసిన తీరును ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల సంఘం బయటపెట్టింది. ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యుల ఉపసంఘాన్ని వేస్తే అందులో ఒకరు మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి. 2010లో వాళ్లిచ్చిన నివేదికలో యాజమాన్యాల పాత్ర వివరంగా ఉంది. విలేకరికి కడుపునిండా జీతం లేకపోతే వార్త ఎవరి చేతికి పోతుందో దాన్ని చదివితే తెలుస్తుంది.

స్థానిక వార్త ఎందుకింత ముఖ్యమో నాకు తెలిసొచ్చింది 2023 జూన్ 2 రాత్రి. ఆ సాయంత్రం ఖరగ్‌పూర్‌లో ఆగి వెళ్లిన కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ బాలాసోర్ దాటాక బహానగా బజార్ దగ్గర లూప్ లైన్లో నిలిచి ఉన్న గూడ్సును ఢీకొంది. పట్టాలు తప్పిన పెట్టెలకు బెంగళూరు నుంచి హౌరా వస్తున్న బండి తగిలింది. దాదాపు 300 మంది పోయారు. ఆ స్టేషన్ మా ఖరగ్‌పూర్ డివిజన్‌లోదే. దేశమంతటికీ అది అంకె. ప్రతి గంటకూ టీవీలో మారుతున్న అంకె. మా వీధుల్లో కావలసింది పేర్లు. రిజర్వేషన్ పెట్టెలకైతే చార్టు ఉంటుంది. జనరల్ పెట్టెల్లో ఎక్కినవాళ్ల పేర్లు ఏ కాగితం మీదా ఉండవు. ఎవరి ఇంటి నుంచి ఎవరు బయల్దేరారో చెప్పగలిగింది వీధి ఒక్కటే. ఆ రాత్రి ఫోన్లలో వచ్చిన జాబితాల్లో సగం పుకార్లు. క్షేమంగా ఉన్నవాళ్ల పేర్లు పోయినవాళ్లలో కలిసిపోయి తిరిగాయి. ఒక పెద్దావిడ గేటు దగ్గర నిలబడి నన్నడిగింది: "ఏటి బాబూ, పేపరోళ్లకి మన పిల్లల పేర్లు తెల్దా?" ఇంటింటికీ తెలిసిన ఒక మనిషి, ఆస్పత్రికి ఫోన్ చేసి రూఢి చేసుకున్నాకే పేరు రాసే అలవాటున్న మనిషి, ఆ రాత్రి మాకు కావలసి వచ్చాడు. అలాంటి అలవాటు ప్రమాదం జరిగిన రాత్రి పుట్టదు. ఏమీ జరగని వందల రోజులు డ్రైన్లూ రేషన్ షాపులూ తిరిగి రాస్తే వస్తుంది. ఆ ఏమీ జరగని రోజులకే మనం డబ్బు పెట్టాలి.

పాఠకులే పోషించిన పత్రికలు మనకున్నాయి. వెంకటగిరి జమీందారీ రైతుల పోరాటంలోంచి 1930 ప్రాంతంలో నెల్లూరులో పుట్టిన జమీన్ రైతు వారపత్రిక తరాలు దాటింది. నెల్లూరువాళ్లు దాన్ని తమదనుకున్నారు కాబట్టే చందా కట్టారు. ఊరివాళ్లే రాసిన పత్రికా ఉంది: చిత్తూరు జిల్లాలో 2001లో ప్రభుత్వ వెలుగు ప్రాజెక్టు అండతో పొదుపు సంఘాల మహిళలే విలేకరులై నవోదయం పత్రిక తెచ్చారు. ఊళ్లోని బాల్యవివాహాన్నీ సారా దుకాణాన్నీ అచ్చులో పెట్టారు. ఎంతో ఇష్టమైన ప్రయత్నమది నాకు. ఒక్కటే గుర్తుంచుకోవాలి, ప్రభుత్వ పథకం మీద నిలిచిన పత్రిక ఆయుష్షు ఆ పథకం ఆయుష్షుతో ముడిపడి ఉంటుంది.

మా దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఇక్కడి పిల్లల్లో చాలామంది తెలుగు చక్కగా మాట్లాడతారు, చదవలేరు. బడిలో బెంగాలీయో హిందీయో ఇంగ్లీషో చదువుకున్నారు. అచ్చు పత్రిక ఒక్కటే వేస్తే అది తాతలకే చేరుతుంది. ఈ విషయంలో జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 నుంచి నడుస్తున్న సంఘం రేడియోను చూసి నేర్చుకోవాలి. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే దళిత మహిళలు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ నీడలో దాన్ని నిలబెట్టారు. చదువు రానివాళ్లకు వాళ్ల యాసలోనే వాళ్ల విత్తనాల కబుర్లు, పాటలు వినిపించారు. మనకు రేడియో లైసెన్సు దాకా అక్కర్లేదు. నాలుగు పేజీల పక్షపత్రిక, దాన్నే మన ఉత్తరాంధ్ర యాసలో చదివి ఫోన్లకు పంపే పావుగంట ఆడియో, ఈ రెండూ చాలు.

డబ్బు సంగతి. మాతాపూజకు మా వీధుల్లో రసీదు పుస్తకం పట్టుకుని ఇంటింటికీ వెళ్లి చందా పోగుచేస్తారు. ఎవరూ కాదనరు. అదే కాళ్లతో, అదే తలుపుల దగ్గర, 500 ఇళ్లు నెలకు 30 రూపాయలిస్తే 15,000 అవుతుంది. ఒక మనిషికి సగంపూట జీతం, ఫోను, ఆటో ఖర్చు అందులో వెళ్తాయి. పేజీలు ఇంట్లోనే డీటీపీ చేసుకోవచ్చు. 1867 నాటి చట్టం స్థానంలో 2024 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం కింద పత్రిక నమోదు ఆన్‌లైన్లోనే జరుగుతుంది. రిజిస్టరైన పత్రికకు పోస్టాఫీసు రాయితీ ఎంత ఉదారమంటే, 50 గ్రాముల లోపు ప్రతికి చాలా ఏళ్లపాటు 25 పైసలే తీసుకున్నారు.

పూజ కమిటీ డబ్బుతోనే నడిపేద్దాం అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. కమిటీ జమాఖర్చుల మీద కూడా ఒకరోజు ప్రశ్న రాయాల్సి రావచ్చు. అందుకే చందా వేరు, రసీదు వేరు, ఖాతా వేరు. ఎవరెంత ఇచ్చారో, ఎక్కడ ఖర్చయిందో ప్రతి మూడు నెలలకూ పత్రికలోనే వేయాలి. ఒక్క ఇంటి నుంచి గానీ ఒక్క షాపు నుంచి గానీ మొత్తంలో పదో వంతుకు మించి తీసుకోకూడదు. పార్టీల శుభాకాంక్షల ప్రకటనలు అసలే వద్దు.

"వార్త చెప్పడానికి డబ్బులేటి, అందరం చెప్పుకుంటన్నాం కదా" అని పెద్దలు అడుగుతారు. చెప్పుకోవడం అందరం చేస్తాం. వార్డు ఆఫీసులో కూర్చుని టెండరు కాగితం చదవడం, రైల్వే డివిజనల్ మేనేజర్ (డీఆర్ఎం) ఆఫీసు జవాబు కోసం మూడోసారి వెళ్లడం, పేరు సరిగ్గా రాసుకుని ఆ ఇంటివాళ్లకే చదివి వినిపించడం, ఇవి పని. తెలుగు, బెంగాలీ, హిందీ మూడూ ధారాళంగా మాట్లాడే ఆడపిల్లలు డిగ్రీలు పూర్తిచేసి ట్యూషన్లు చెప్పుకుంటూ మన వీధుల్లోనే ఉన్నారు. వాళ్లలో ఒకరిని పెట్టుకుందాం. మొదటి ఏడాది ప్రెస్ బిల్లు కాస్త ఆలస్యమైతే ప్రెస్సాయనను నేను వెళ్లి బతిమాలుకుంటాను. ఆ అమ్మాయి జీతం మాత్రం ఒకటో తారీఖున ఆమె ఖాతాలో పడాలి.