కెమెరా వెళ్లని అడవి

యుద్ధంలో ఊరొదిలిన జనం అనగానే మన కళ్లముందు ఒకే దృశ్యం కదులుతుంది. ఎడ్లబండ్లు, నెత్తిన మూటలు, నడవలేని ముసలివాళ్లను మోసుకెళ్తున్న మనుషులు, తుదీ మొదలూ లేని వరస. ఈ దృశ్యాన్ని మన కళ్లకు అంటించినవాళ్లలో ఫోటోగ్రాఫర్ మార్గరెట్ బర్క్-వైట్ ముఖ్యురాలు. 1947లో పంజాబ్ దారుల వెంట ఆమె తీసిన ఫోటోలను ఆ నవంబరులో ‘లైఫ్’ పత్రిక వేసింది. పత్రిక పేరు కూడా తెలియనివాళ్లకు సైతం దేశ విభజన అంటే ఆ ఫోటోలే. పనితనం గొప్పది, సందేహం లేదు. అయితే ఆమెతో తిరిగిన విలేకరి లీ ఐటింగన్ తర్వాత ఒక సంగతి చెప్పింది. కావలసిన ఫ్రేము కుదిరేదాకా, ఆకలితో భయంతో ఉన్న మనుషుల్ని బర్క్-వైట్ పదేపదే వెనక్కి పంపి నడిపించిందట. కాదనే ధైర్యం వాళ్లకు లేకపోయింది.

మరుసటి ఏడు మన హైదరాబాద్ సంస్థానం వంతు వచ్చింది. భారత సైన్యం సంస్థానాన్ని స్వాధీనం చేసుకున్న 1948 సెప్టెంబరు గురించి మనకు గుర్తున్న ఫోటోలు రెండే: భారత జనరల్ చౌదురి ఎదుట నిజాం సేనాని ఎల్ ఎద్రూస్ లొంగుబాటు, ఆ తర్వాత బేగంపేట విమానాశ్రయంలో పటేల్‌కు చేతులు జోడించిన నిజాం. నిజాం పక్షాన నిలిచిన సాయుధ రజాకార్ల భయంతో సరిహద్దు దాటిన కుటుంబాలు వాటిలో లేవు. సైన్యం వచ్చాక ప్రాణాలు అరచేత పట్టుకుని ఊళ్లొదిలిన ముస్లింలూ లేరు. 1951లో తెలంగాణ సాయుధ పోరాటం ఆపేదాకా కమ్యూనిస్టు దళాల వెంట అడవులు తిరిగిన ఆడవాళ్లదీ అదే కథ. తుపాకులు పట్టిన స్త్రీల ఫోటో ఒకటి ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. వాళ్ల ధీరత్వం అందులో ఉంది. రాత్రికి ఎక్కడ తలదాచుకున్నారో లేదు.

అది చూపించినది ఒక పుస్తకం: 1986లో స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’. కె. లలిత, వసంత కన్నబిరాన్, రమా మేల్కోటే, ఉమామహేశ్వరి, సూసీ తారూ, వీణా శత్రుఘ్న దీనికి పనిచేశారు. రమ ఉస్మానియాలో రాజనీతిశాస్త్రం చెప్పేవారు. సూసీ తారూ ఇప్పుడు ఇఫ్లూ విశ్వవిద్యాలయమైన నాటి సీఫెల్‌లో అధ్యాపకురాలిగా ఉండేవారు. వీణ జాతీయ పోషకాహార సంస్థలో శాస్త్రవేత్తగా పనిచేసేవారు. హైదరాబాద్‌లోని తార్నాక చుట్టుపక్కల ఈ మూడు ప్రాంగణాలూ ఒకదాన్నుంచి ఒకదానికి నడిచి వెళ్లేంత దగ్గర. తెలంగాణ సాయుధ పోరాటపు ఆడవాళ్ల చరిత్రకు ఈ వీధులతో ఇంత చుట్టరికం ఉందని అక్కడ చదువుకుంటున్న పిల్లలకు ఎవరైనా చెబితే బాగుండును.

సంపాదకులు ఆ ఆడవాళ్ల దగ్గరికి పట్టుకెళ్లింది టేప్ రికార్డరు. అప్పటికి పోరాటం ముగిసి సుమారు ముప్ఫై ఏళ్లు. ఫోటోగ్రాఫరైతే అసలు ఆలస్యమైపోయిందని వెనుదిరిగేవాడు. వీళ్లకు ఆ ఆలస్యమే పనికొచ్చింది. జరిగిన రోజుతో పాటు, దాన్ని ముప్ఫై ఏళ్లు మోసిన మనిషి కూడా ఆ మాటల్లోకి వచ్చింది. పుస్తకంలో, దళంతో తిరిగిన కమలమ్మ కథ చదవండి. అడవిలో బిడ్డ పుట్టింది. బిడ్డ ఏడిస్తే దళం పట్టుబడుతుంది. బిడ్డను ఇంకొకరికి ఇచ్చేయక తప్పలేదు. ఆ క్షణాన అక్కడ కెమెరా ఉండి ఉంటే ప్రపంచమంతా తెలిసిన ఫోటో అయ్యేది. తల్లి మొహం, చాచిన చేతులు, అంతే. ఆ తర్వాత ఆ తల్లి ఎలా బతికిందో మనం అడిగేవాళ్లం కాదు.

సంపాదకుల పనితనమంతా నాకు ఇక్కడే కనిపిస్తుంది. చెప్పేవాళ్లను వీరనారులుగా చెక్కే ప్రయత్నం వాళ్లు చేయలేదు. ఎవరి కథ వాళ్ల నోటనే, వాళ్లు మాట్లాడే తీరులోనే సాగుతుంది. పోరాటం ఆగాక ఇళ్లకు పొమ్మన్నప్పుడు కలిగిన కోపం, కమ్యూనిస్టు పార్టీ మీద కినుక, దానితో పాటే ఆ రోజుల మీద తరగని ప్రేమ, అన్నీ ఒకే గొంతులో వినిపిస్తాయి. వాటిని సంపాదకులు సర్దిచెప్పలేదు. ఒకే పుస్తకంలో పల్లెటూరి చిట్యాల ఐలమ్మా, హైదరాబాద్ నగరపు జమాలున్నీసా బాజీ పక్కపక్కన కూర్చోవడం కూడా చిన్న విషయమేం కాదు.

పరుగును ఫోటో చూపిస్తుంది. దాగి ఉండటాన్ని చూపించలేదు, ఎందుకంటే దాగినవాళ్లకు కెమెరా కంటపడటమే ప్రమాదం. అడవిలో ఫోటో దొరికితే అది పోలీసులకు ఆనవాలు. అందుకని ఆ అడవి జీవితానికి గొంతే తగిన సాధనమైంది. 1989లో ఇంగ్లీషులోకి వెళ్లి ఈ పుస్తకం దూరదేశాల పాఠకులకు అందింది. తెలుగు వచ్చినవాళ్లు మాత్రం తెలుగులోనే, వీలైతే నలుగురు కూర్చుని పైకి చదువుకోవాలని నా కోరిక.