దొర దస్తరం, కంపెనీ దస్తరం

పట్వారి దస్తరం చదవడం తెలంగాణ సాహిత్యం బాగానే నేర్చుకున్నది. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ మొదలు అల్లం రాజయ్య ‘కొలిమంటుకున్నది’ వరకూ, ఊళ్లో పెత్తనం ఎవరిదో, లెక్క రాసే కలం ఎవరి చేతిలో ఉన్నదో మన రచయితలు చూపుతూనే వచ్చారు. కంపెనీ దస్తరం చదవడం మాత్రం మనం ఇంకా నేర్చుకోలేదు. వార్షిక నివేదిక, ఆడిటరు ధ్రువపత్రం, బోర్డు తీర్మానం సాహిత్యం కావు గనుక అవి మన పని కాదని విమర్శకులమంతా ఊరుకున్నాం. నేనూ ఊరుకున్నవాణ్నే.

కంపెనీల పాలనా నియమాలంటే పెట్టుబడిదారులు తమలో తాము మోసపోకుండా రాసుకున్న కట్టుబాట్లే కదా, దొంగల పంపకాల్లో న్యాయం వెతకడం మనకెందుకని కొందరు మిత్రులు అడుగుతారు. ఈ ప్రశ్న వినడానికి బాగుంటుంది. మార్క్స్ మాత్రం ఇట్లా అనుకోలేదు. ‘పెట్టుబడి’లో పనిదినం గురించిన అధ్యాయం నిండా ఉన్నవి ఇంగ్లండు ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల నివేదికలే. లెనార్డ్ హార్నర్ అనే ఇన్‌స్పెక్టరును ఆయన పేరుపెట్టి మెచ్చుకున్నాడు. బూర్జువా రాజ్యం తన చట్టాన్ని తానే ఎక్కడ అమలు చేయలేకపోతున్నదో దాని కాగితాల్లోనే చదివాడు. మనం ఆ కాగితాలను తాకకుండానే తీర్పు చెప్పేస్తున్నాం.

సరే, చదువుదాం. మన రాష్ట్రంలో పుట్టిన కంపెనీ రచనల్లో అన్నిటికన్నా పేరు పొందినది 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు బోర్డుకు రాసిన ఉత్తరం. లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని అందులో ఒప్పుకున్నాడు. అంకెలు అందరూ చదివారు. వాక్యాలు ఎవరూ చదవలేదు. అసలు లాభానికీ పుస్తకంలో లాభానికీ మధ్య మొదట చిన్న తేడా ఉండేదట, అది ఏటికేడు పెరుగుతూ పోయిందట. ఎవరు పెంచారు? వాక్యంలో కర్త లేడు. భూమి మారిపోయింది, పట్టా పోయింది అన్నట్టే తేడా దానంతటదే పెరిగింది! తరువాత పులి వస్తుంది. పులి మీద స్వారీ లాంటిదైందనీ, దిగితే అది తినేస్తుందనీ ఆయన గోడు. పులిని పెంచినవాడూ మేపినవాడూ ఈ ఉపమానంలో లేరు. భయపడుతున్న రౌతు ఒక్కడే కనిపిస్తాడు, పాఠకుడి జాలి కూడా అతని మీదికే పోతుంది. కర్తను దాచే ఈ విద్య మన పట్వారులకు కొత్తది కాదు.

ఇంతకూ కావలివాళ్లు ఎక్కడున్నారు? నియమాలు లేవని ఎవరూ అనలేరు. సెబీ వారి 49వ క్లాజు అప్పట్లో ఉండేది, ఆడిట్ కమిటీ ఉంది, బోర్డులో హార్వర్డ్ ఆచార్యుడు ఉన్నాడు, స్వతంత్ర డైరెక్టర్లు ఉన్నారు. 2008లోనే ఆ కంపెనీకి సుపరిపాలన పేరిట ‘గోల్డెన్ పీకాక్’ బహుమతి వచ్చింది, కుంభకోణం బయటపడ్డాక వెనక్కి తీసుకున్నారు. ఆరువేలకు పైగా దొంగ ఇన్‌వాయిసులు పుట్టాయి. బ్యాంకులో డబ్బు ఉందా లేదా అని నేరుగా బ్యాంకునే అడిగి తేల్చుకోవలసిన ఆడిటర్లు ఆ పని సరిగా చేయలేదు. 2008 డిసెంబరు 16న బోర్డు రాజు కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనాలని తీర్మానించింది. దాన్ని ఆపింది నియమం కాదు. వాటాదారులు తిరగబడ్డారు, అమెరికా మార్కెట్‌లో షేరు కూలింది, గంటల్లో తీర్మానం వెనక్కి పోయింది. ఆడిటు సంస్థ మీద సెబీ రెండేళ్ల నిషేధం పెట్టేసరికి 2018 వచ్చింది. 2019లో అప్పీలు ట్రిబ్యునల్ ఆ నిషేధాన్ని కొట్టేసింది. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు రాజుకూ మరి తొమ్మిదిమందికీ ఏడేళ్ల శిక్ష వేస్తే, మరుసటి నెలలోనే పై కోర్టు శిక్షను నిలిపి బెయిలిచ్చింది. ‘స్వతంత్ర’ అనే మాట మీద మన విద్యార్థులు ఒక వ్యాసం రాస్తే బాగుంటుంది. స్వతంత్రుణ్ని పిలిచేది బోర్డు, అతనికి జీతభత్యాలిచ్చేది కంపెనీ. కావలివాడి జీతం ఎవరి చేతిలో ఉందో కుక్కకు కూడా తెలుసు.

అయినా సత్యం వాటాదారుకు ఒక ఆయుధం ఉండింది. షేరు అమ్ముకుని పోగలడు. ఇప్పుడు హైదరాబాదు విడిచి మా కోరుట్ల వైపు వద్దాం. ఇక్కడ కథలో షేరు లేనివాడు ఉన్నాడు.

1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ తరువాత ప్రభుత్వ సంస్థ అయింది. బోధన్‌లోని శక్కర్‌నగర్‌తో పాటు మెట్‌పల్లి దగ్గర ముత్యంపేటలోనూ, మెదక్ వైపు ముంబోజిపల్లిలోనూ దానికి యూనిట్లు ఉండేవి. కోరుట్ల, మెట్‌పల్లి, మల్లాపూర్ పల్లెల చెరకు ముత్యంపేట కాటా ఎక్కేది. 2002లో ప్రభుత్వం ఈ మూడు యూనిట్లనూ నిజాం దక్కన్ షుగర్స్ అనే ఉమ్మడి కంపెనీకి అప్పగించింది. నూటికి 51 వాటాలు గోల్డ్‌స్టోన్ వర్గానికి చెందిన డెల్టా పేపర్ మిల్స్‌వి, 49 ప్రభుత్వానివి.

ఈ 51, 49 అంకెల దగ్గర మన వ్యాసాలన్నీ ‘అమ్మేశారు’ అని కేక వేసి ముందుకు పోయాయి. నేనైతే అక్కడే ఆగమంటాను. కంపెనీ చట్టం ప్రకారం నూటికి 51కి తక్కువ కాకుండా సర్కారు వాటా ఉంటేనే అది ప్రభుత్వ కంపెనీ. అప్పుడే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ కన్ను దాని లెక్కల మీద ఉంటుంది, శాసనసభా సంఘం పిలిచి అడగగలుగుతుంది. 49కి దిగితే ఆ కన్ను మూసుకుంటుంది. సొమ్ములో దాదాపు సగం ప్రజలదే, పర్యవేక్షణ మాత్రం ప్రజలది కాదు. బోర్డులో సర్కారు మనిషి కూర్చుంటాడు, తీర్మానం కింద అతని సంతకమూ ఉంటుంది. దొర గడిలో పంచాయితీ జరిగితే మూలన కూర్చుని తల ఊపే ఊరిపెద్దను మన కథల్లో ఎన్నిసార్లు చూడలేదు? 2004లో వేసిన శాసనసభా సంఘం 2006లో నివేదిక ఇస్తూ ఆ అప్పగింతనే తప్పుపట్టింది. నివేదిక నివేదికగానే ఉండిపోయింది. 2015లో కొత్త రాష్ట్ర ప్రభుత్వం ఫ్యాక్టరీలను రైతుల సహకార సంఘాలకు ఇస్తామన్నది. ఆ డిసెంబరులోనే యాజమాన్యం లేఆఫ్ ప్రకటించి మూడు యూనిట్లనూ మూసేసింది. 2019లో కంపెనీ లా ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కు ఉత్తర్వు ఇచ్చింది. 2024లో మరో ప్రభుత్వం తెరిపించే దారి వెతకమని మరో కమిటీ వేసింది. కమిటీల పేర్లు గుర్తుపెట్టుకోవడానికే ఒక దస్తరం కావాలి.

లిక్విడేషన్‌లో ఎవరికి ముందు, ఎవరికి వెనుక అన్నది దివాలా చట్టం 53వ సెక్షను చెబుతుంది. కార్మికుల చివరి 24 నెలల జీతాలకు తాకట్టు పెట్టుకున్న అప్పులవాళ్లతో సమాన స్థానం ఉంది. ఇది మేలే. చెరకు వేసి డబ్బు రావలసిన రైతు ఆ వరుసలో బాగా కిందివాడు. ఇరవై ఏళ్లు ఆ కాటా మీద చెరకు తూచినవాడు కంపెనీ పాలనలో ఎవరూ కాడు, కంపెనీ చచ్చాక మాత్రమే ఒక బాకీదారు!

ఈ నేల మీద లెక్క అడగడం ఎవరికీ తెలియనిది కాదు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో వేలాది రైతుకూలీలు కదిలారు. ఊళ్లలో వెట్టి ఆగింది, దొరలు వసూలు చేసిన దండుగలూ మింగిన శిఖం భూములూ ఊరి నడుమ లెక్కకు వచ్చాయి. అక్కడ ఆడిటరు ఊరే, దొర చెప్పే జవాబు అందరికీ వినపడింది. దానికి రాజ్యం ఇచ్చిన సమాధానం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం. ఆ ఏడాదే, ఎంతో జాప్యం లేకుండా! కల్లోలిత చట్టం అమలులో చూపిన చురుకుదనం కంపెనీ చట్టం అమలులో ఎన్నడూ కనపడకపోవడం నాకు కేవలం అసమర్థత అనిపించదు.

అయితే సంఘం పేరు పెట్టగానే సమస్య తీరిందనుకునే అమాయకత్వమూ మనకు వద్దు. సిరిసిల్లలో 1970 నుంచి సహకార విద్యుత్ సరఫరా సంఘం ఉంది. కరెంటు వాడేవాళ్లే సభ్యులు, వాళ్లే డైరెక్టర్లను ఎన్నుకుంటారు. సాంచాలు నడిపే ఊరికి ఇది చిన్న విషయం కాదు. అక్కడ నియమం ప్రకారం లెక్క అడిగే హక్కు వినియోగదారుకే ఉంది. కానీ 2022 డిసెంబరు ఎన్నికల్లో పార్టీలు అసెంబ్లీ ఎన్నికలంత పట్టుదలతో తలపడ్డాయి. విచారణ వేయాలన్నా, పర్సన్ ఇన్‌ఛార్జిని కూర్చోబెట్టాలన్నా సహకార శాఖ చేతిలోనే ఉంటుంది, ఆ శాఖ మంత్రి చేతిలో ఉంటుంది. సభ్యుడి హక్కు సర్వసభ్య సమావేశం టెంటు కింద మొదలై అక్కడే ముగుస్తున్నది. అయినా ముత్యంపేట రైతుకు ఆ టెంటు కూడా లేదు. ఈ తేడా నాకు ముఖ్యం.

రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’ రాసినప్పుడు మద్యనిషేధ చట్టాన్ని బోనులో నిలబడ్డవాడి పక్క నుంచి చదివాడు. చక్కెర చట్టాన్ని కాటా పక్క నుంచి చదివినవాడు మనలో ఇంకా రాలేదు. 1966 చెరకు నియంత్రణ ఉత్తర్వును ఈ మధ్య నా విద్యార్థులతో కూర్చుని, కవిత చదివినట్టే మాటమాటకూ ఆగి చదివాను. చెరకు అందిన 14 రోజుల్లో డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే నూటికి 15 వడ్డీ. చెల్లించకపోతే భూమిశిస్తు బకాయి వసూలు చేసినట్టే ఫ్యాక్టరీ నుంచి వసూలు చేయవచ్చు. ఇది విని పిల్లలు నవ్వారు. శిస్తు బకాయికి తాతల ఇంట్లో బిందెలూ గంగాళాలూ జప్తు చేసిన కథలు విన్నవాళ్లు, ఫ్యాక్టరీ గేటు ముందు డప్పు కొట్టించి బాయిలరు జప్తు చేయడాన్ని ఊహించుకున్నారు.

వాళ్లలో ఒక అమ్మాయి, కోరుట్ల పక్క పల్లె పిల్ల, నవ్వకుండా మొదటి వాక్యం దగ్గరే ఆగింది. 14 రోజులు అనే ముందు అందులో ఒక చిన్న మాట ఉంది. ఇరుపక్షాల మధ్య మరోలా రాతపూర్వక ఒప్పందం ఉంటే తప్ప, అని. “సార్, మా నాయిన సంతకం పెట్టిన కాగితం ఇంట్ల ఉన్నది, అచ్చు వేసిందే. దాంట్ల ఏం రాసి ఉన్నదో ఆయనకు ఎవరూ చదివి చెప్పలే. రేపు పట్కొస్త” అన్నది.