గొడ్డురాలు: పుంలింగం లేని పదం

రుగాగమ సంధికి ఉదాహరణలుగా పేదరాలు, మనుమరాలు పదాల సరసన 'గొడ్డురాలు' కూడా చెబుతాం. పేదరాలికి పేదవాడు, మనుమరాలికి మనుమడు ఉన్నారు. గొడ్డురాలికి వాడుకలో జత లేదు. బాలెంతరాలికి జత లేకపోవడం ప్రకృతి ధర్మం. ఇక్కడ మాత్రం అది సామాజిక నిర్ణయం.

'నపుంసకుడు' ఈ లోటును పూరించదు. అది లైంగిక అశక్తతను చెప్పే మాట. ఆ శక్తి ఉన్న పురుషునిలోనూ సంతానలేమి ఉండవచ్చు. సాహిత్య విద్యార్థికి పరాయి విషయంగా తోచినా, వృషణంలో జరిగేది గమనించాలి. అక్కడి లేడిగ్ కణాలు కొలెస్టరాల్ నుండి టెస్టోస్టెరాన్‌ను తయారుచేస్తాయి. సెర్టోలీ కణాలు నశించిన బీజకణాలను కబళించి, వాటి కొవ్వును బిందువులుగా నిల్వచేసుకుంటాయి. శుక్రకణపు పొరకూ తగిన కొవ్వు ఆమ్లాలు కావాలి. ఈ సమతౌల్యం చెదిరితే శుక్రకణాల సంఖ్య, చలనం తగ్గవచ్చు. పైకి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు.

విచిత్రవీర్యుడు సంతానం లేకుండా మరణించడాన్ని, పాండురాజు శాపాన్ని నన్నయ ఆదిపర్వం దాచలేదు. కురువంశ కథ ఆ లోటు మీదనే నడిచింది. అయినా వాడుక భాష దానికి పేరు పెట్టలేదు. ఆధునిక కథల్లోని సంతానం లేని స్త్రీని మన విమర్శ 'వంధ్య' అని తేలికగా పిలవడం నాకు అభ్యంతరకరం. లోపం ఆమెదేనని కథలో ఎక్కడ రుజువైందో ముందు చూపాలి.