కాళ్లు కడిగిన నీళ్లతో పాఠం

మజ్ఝిమ నికాయంలో 61వది అంబలట్ఠిక రాహులోవాద సుత్తం. అబద్ధం ఆడవద్దని చెప్పే సుత్తంగా దీన్ని మనమంతా ఎరుగుదుం. ఎలా నేర్పాలో చూపే సుత్తంగా కూడా దీన్ని చదవాలని మా విన్నపం.

రాహులుడికి అప్పుడు ఏడేళ్లని అట్ఠకథ చెబుతుంది. సాయంత్రం బుద్ధుడు వస్తాడు. రాహులుడు ఆసనం వేసి, కాళ్లకు నీళ్లు పెడతాడు. బుద్ధుడు కాళ్లు కడుక్కుని పాత్రలో కొద్దిగా నీళ్లు మిగులుస్తాడు. తెలిసి అబద్ధమాడి సిగ్గుపడనివారి శ్రమణత్వం అంత కొంచెమే అంటాడు. ఆ నీళ్లు పారబోస్తాడు. పాత్రను బోర్లిస్తాడు. మళ్లీ నిలబెట్టి ఖాళీని చూపిస్తాడు. ముందు కంటికి కనిపించేది, తర్వాతే దాని అర్థం. పాఠానికి కావలసిన సరంజామా అంతా పిల్లవాడు తెచ్చిపెట్టిన నీళ్లే.

తర్వాత, అద్దం ఎందుకని అడుగుతాడు. చూసుకోవడానికని రాహులుడే జవాబిస్తాడు. పనిని కూడా అలాగే చూసుకోమంటాడు బుద్ధుడు: చేసేముందు, చేస్తున్నప్పుడు, చేశాక, కాయంతో, వాక్కుతో, మనసుతో. దీనివల్ల నాకు గాని, ఇతరులకు గాని, ఇద్దరికీ గాని కీడు ఉందా? ఇక్కడ దైవాజ్ఞ లేదు, నరకం బెదిరింపు లేదు. తక్కెడ నేర్చుకునేవాడి చేతికే వచ్చింది.

ఈ తొమ్మిది పరీక్షలను 'తక్కినవీ ఇంతే' అని దాటేయడం మనకు అలవాటు. కాని అవన్నీ ఒకటి కావు. కాయంతో, వాక్కుతో చేసిన కీడును గురువు ముందో, తెలిసిన తోటివారి ముందో చెప్పుకోవాలి. మనసులో చేసినదానికి తానే సిగ్గుపడి, రోసి, ఇకపై కాచుకోవాలి. మొదటివి ఇతరులను తాకుతాయి కనుక బయట పెట్టాలి. మనసు లోపలికి మాత్రం ఏ పురోహితుడికీ ప్రవేశం లేదు. మేము దీన్ని ఇలా అర్థం చేసుకుంటున్నాం. దాటేస్తే పోయేది ఈ తేడాయే.

సుత్తంలో ఒక వెలితీ ఉంది. రాహులుడి నోట చిన్న జవాబులే తప్ప ఒక్క సందేహమూ వినిపించదు. మన పిల్లలకు ఆ చోటు మనం ఇవ్వాలి.

బైరాట్ శాసనంలో అశోకుడు భిక్షువులు, ఉపాసకులు తరచు విని, మనసున నిలుపుకోవాలని పేర్కొన్న ఏడు ధమ్మ పాఠాల్లో, అబద్ధం గురించి రాహులుడికి చేసిన ఉపదేశం ఒకటి. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో అబద్ధమాడననే మాట ఉంది. ఆ ప్రతిజ్ఞలను ఆయన జనానికి తెలిసిన మరాఠీలో పలికించారు.

మరి మన విహారాల్లో? పిల్లలు పంచశీల పాళీలో తప్పులేకుండా అప్పజెబుతారు. నాలుగో శీలం అర్థం అడిగితే పెద్దల మొహం చూస్తారు. అర్థం తెలియని మంత్రాలకు తల వంచి తరాలు పోగొట్టుకున్నవాళ్లం మనం. అర్థం తెలియని పాళీ వాటికన్నా ఏం మేలు? పాళీ మానమనడం లేదు. ముందు నీళ్ల పాత్ర చూపిద్దాం, పిల్లల ప్రశ్నలు విందాం, ఆ తర్వాత పలికిద్దాం.