బకింగ్‌హాం కాలువకు పెద్ద బార్జీలు తగునా?

బిట్రగుంట అనగానే రైలు ఇంజన్లు జ్ఞప్తికి వచ్చును. ఆ ఊరికి తూర్పున, సముద్రమునకు సమీపముగా, మరొక పాత మార్గము కలదు. అది బకింగ్‌హాం కాలువ. 1806లో మద్రాసు వద్ద ఆరంభమై, 1876–78 నాటి కరవు పనులతో పెరిగి, పెదగంజాం నుండి మరక్కాణం వరకు సుమారు 420 కిలోమీటర్లు సాగినది. ధాన్యము, ఉప్పు, వంటచెరకు దీనిమీద మద్రాసు చేరెడివి. 1899 నాటి రైలుమార్గము, పిమ్మట లారీలు, తుపానులు, పూడిక దీనిని మూలబెట్టినవి.

2008లో ఈ కాలువను నాలుగవ జాతీయ జలమార్గములో చేర్చిరి. మరల సరకు నడపవలెనను సంకల్పము మంచిదే. దాని వెనుకనున్న లెక్కలను మాత్రము పరీక్షింపవలసి యున్నది.

ఒక అశ్వశక్తి రోడ్డుపై 150, రైలుపై 500, నీటిపై 4,000 కిలోల బరువును కదల్చునని సమర్థకులు చెప్పుదురు. విశాలమైన లోతు నీటిలో మెల్లగా పోవు పడవకు ఇది వర్తించును. ఇరుకు కాలువలో పడవ త్రోసిన నీరు ఇరుప్రక్కల సందులగుండా వెనుకకు పరుగెత్తవలెను. అచట వేగము హెచ్చి నీటిమట్టము తగ్గును. పడవ క్రుంగును, నిరోధము పెరుగును, గట్లు కోసికొనిపోవును. ఒకే కొయ్యముక్కను వెడల్పు తొట్టిలోను, ఇరుకు దోనెలోను లాగి ఉపాధ్యాయులు ఈ భేదమును చూపవచ్చును.

ఇక లోతు సంగతి. 50 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు గల బల్లపరుపు బార్జీ అర మీటరు మునిగిన, ఆర్కిమిడీస్ సూత్రము ప్రకారము సుమారు 225 టన్నుల బరువును మోయును. అనగా అర మీటరు పూడిక చేరినచో అంత సరకు తగ్గింపవలెను. పెన్న, స్వర్ణముఖి వంటి నదులు వరదలలో ఇసుక తెచ్చుచునే యుండును. చెన్నైలోనైతే నగర రైలుమార్గపు స్తంభములు కాలువలోనే నిలిచినవి.

అన్నిటికంటె ముఖ్యమైనది మంచినీరు. తీరపు ఇసుకలో మంచినీరు ఉప్పునీటిపై తేలియుండును. సముద్రమట్టమునకు పైన ఒక అడుగు మంచినీరున్న, క్రింద సుమారు 40 అడుగులు నిలుచును. ఆ పై అడుగు తరిగిన, క్రింది 40 అడుగులును క్రమముగా ఉప్పగును. ఆటుపోటులు వచ్చు కాలువను లోతుగా, వెడల్పుగా త్రవ్వినచో అడుగున పేరిన బంకమన్ను తొలగును. ఉప్పునీరు లోనికి చొచ్చును. ఆ నష్టము బార్జీ యజమానిది కాదు, బావి గల రైతుది.

కాలువను విడిచివేయుమని దీని భావము కాదు. అది వాననీటిని సముద్రమునకు చేర్చును. 2004 సునామీ నీటిని పలుచోట్ల తనలో ఇముడ్చుకొన్నది. పూడిక తీసి, తేలికపాటి పడవలను నడుపుట సాధ్యమే. ఈ జలమార్గపు పని 2017లో ముక్త్యాల–విజయవాడ నడుమ కృష్ణానదిలో ఆరంభమైనది. పెద్ద బార్జీలకు అట్టి నీరే తగును. కాలువలోనైతే త్రవ్వకమునకు ముందే, గట్టు వెంబడి గ్రామముల బావులలో ఉప్పును వేసవిలోను, వానలలోను కొలువవలెను. ఆ కొలతలు లేని పథకము అసంపూర్ణము.